క్లిప్పు కింద తుప్పు

నెల్లూరు జిల్లాలో మైపాడు, కోడూరు లాంటి చోట్ల సముద్రానికి దగ్గర్లో ఇల్లున్నవాళ్లకు ఇనుముతో పడే పాట్లు కొత్తగా చెప్పనక్కర్లేదు. కిటికీ ఊచలు, గేటు గడియ, మోటారు స్టార్టరు పెట్టె, డాబా మీద డిష్ స్టాండు అన్నీ లోపలి ఊళ్లలో కంటే ముందే ఎర్రబడతాయి. అవి కంటికి కనిపిస్తాయి కాబట్టి ఏడాదికోసారి రంగు కొట్టుకుంటాం, గ్రీజు రాసుకుంటాం. కారు కింద, ట్యాంకు నుంచి ఇంజను దాకా పోయే పెట్రోలు పైపును మాత్రం ఎవరూ వంగి చూడరు. ఏదో ఒక రోజు బండి లోపల పెట్రోలు వాసన గుప్పుమంటేనే దాని సంగతి గుర్తొస్తుంది. అప్పటికి తుప్పు తన పని చాలావరకు ముగించి ఉంటుంది.

చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కింద ఉంటుంది, ఇంజను ముందు ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేది బండి అడుగున రెండు మూడు మీటర్ల పొడవున సాగే గొట్టం. ఉక్కుదైతే లావు సుమారు 8 మిల్లీమీటర్లు, గోడ మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. వాడగా మిగిలిన పెట్రోలు వెనక్కి పోయే రిటర్న్ లైను ఉంటే అది ఇంకా సన్నం, 6 మిల్లీమీటర్లు. పాత కార్బ్యురేటర్ బండ్లలో ఈ పైపులో ఒత్తిడి 0.3 బార్ ఉంటే గొప్ప. ఇప్పటి ఎంపీఎఫ్ఐ (ఇంజెక్షన్) బండ్లలో ట్యాంకులోని పంపు సుమారు 3 బార్ ఒత్తిడితో పెట్రోలును తోస్తుంది. టైర్లలో మనం కొట్టించే గాలి 2.2 బార్ చిల్లరే. అంటే ఆ సన్నటి పైపు టైరు కంటే ఎక్కువ ఒత్తిడిని మోస్తూ, రోడ్డుకు జానెడు ఎత్తులో, మనం కూర్చున్న సీట్ల కిందుగా పోతోంది.

కంపెనీవాళ్లు దాన్ని ఒట్టి ఇనుముగా వదిలేయరు. ఒకప్పుడు సీసం, తగరం కలిపిన పూత వేసేవారు. తర్వాత జింకులో 5 శాతం అల్యూమినియం కలిపిన పూత, దాని మీద ప్లాస్టిక్ పొర వచ్చాయి. కొత్త బండ్లలో కొంత భాగమో మొత్తమో నైలాన్-12 పైపే వేస్తున్నారు. నైలానుకు తుప్పు భయం లేదు. కానీ దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్లు, కొన్ని బండ్లలో ఫిల్టరు డబ్బా ఇనుమువే.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ కావాలని బళ్లో చదువుకున్నాం. అదే లెక్కయితే వానలు బాగా కురిసే ప్రతి ఊళ్లోనూ పైపులు ఒకేలా పోవాలి. అలా జరగదు. తేడా తెచ్చేది ఉప్పు. తుప్పు నిజానికి ఒక చిన్న విద్యుత్ వ్యవహారం. లోహం మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలేసి నీటిలోకి కరుగుతుంది. ఇంకోచోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. ఈ రెండు చోట్ల మధ్య ఒక తేమ పొర ఉండాలి, ఆ పొర విద్యుత్తును మోయాలి. ఒట్టి వాన నీరు ఆ పని అంత బాగా చేయలేదు. లీటరుకు ముప్పై గ్రాములకు పైగా లవణాలున్న సముద్రపు నీరు దివ్యంగా చేస్తుంది. పైగా అందులోని క్లోరైడు, లోహం మీద ఏర్పడే పలచని రక్షణ పొరను అక్కడక్కడా చీల్చి లోపలికి దిగుతుంది.

ఉప్పు చేసే ఇంకో పనిని మనం పట్టించుకోం. అది బండిని ఆరనివ్వదు. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, మామూలు ఉప్పు గాలిలోని నీటిని తనలోకి లాక్కుని కరిగిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది ఇందుకే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ ఉన్నా సరిపోతుంది. తీరంలో రాత్రిళ్లు గాలిలో తేమ 75 శాతం దాటడం మామూలే. అందుకని చుక్క వాన లేకున్నా, మంచు కురవకున్నా, బండి అడుగున అతుక్కున్న ఉప్పు రాత్రికి తడిసి తెల్లారేదాకా తన పని చేసుకుంటూ పోతుంది. పగలు ఎండకు ఆరుతుంది. రాత్రికి మళ్లీ మొదలు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. బండిని షెడ్డులో పెడితే, లేదా అడుగు భాగం వానకు తడవకుండా ఉంటే మంచిదనుకుంటాం. తీరంలో ఇది తలకిందులవుతుంది. బానెట్టు మీద పడ్డ ఉప్పును నాలుగు వానలు కడిగేస్తాయి. అడుగున చేరిన ఉప్పును ఏ వానా కడగదు. అది ఏళ్ల తరబడి పేరుకుంటూనే ఉంటుంది. సముద్రతీరాల్లో వానకు చాటుగా ఉన్న లోహమే ఎక్కువగా దెబ్బతింటుందని తుప్పు మీద పనిచేసే శాస్త్రజ్ఞులకు ఎప్పుడో తెలుసు. కారు అడుగు భాగం పుట్టుకతోనే వానకు చాటు.

ఎంత వేగంగా పోతుందో చెప్పడానికి ఐఎస్ఓ 9223 అనే ప్రమాణం ఉంది. గాలి ఇనుమును ఎంత తింటుందన్నదాన్ని బట్టి ప్రదేశాలను సీ1 నుంచి సీ5 దాకా, ఆపైన సీఎక్స్ అని విడదీస్తుంది. సీ3 చోట ఏ పూతా లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో 25 నుంచి 50 మైక్రాన్ల మందం కోల్పోతుంది. సీ5లో 80 నుంచి 200 మైక్రాన్లు. ఉప్పు గాలి నేరుగా తగిలే తీరాలు పై మెట్లలోకి వస్తాయి. మన పైపు గోడ 700 మైక్రాన్లు మాత్రమే. మన దేశంలో ఏ ప్రాంతపు గాలి ఇనుమును ఎంత తింటుందో లోహపు ముక్కలను ఆరుబయట పెట్టి, కొలిచి, పటం గీసినవాళ్లున్నారు. తమిళనాడులోని కారైక్కుడిలో ఉన్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ, సెక్రి, ఆ పని చేసింది. సముద్రపు గాలి దెబ్బను చూడటానికి మండపం అనే ఊళ్లో దానికి ప్రత్యేక కేంద్రం కూడా ఉంది. ఇలాంటి పరిశీలనల్లో ఎక్కడ చేసినా తేలేదేమిటంటే, అలలు విరిగే చోటు నుంచి లోపలికి వచ్చేకొద్దీ గాలిలో ఉప్పు చాలా వేగంగా తగ్గిపోతుంది. మొదటి కొన్ని వందల మీటర్లలోనే పెద్ద తేడా కనిపిస్తుంది. ఆ లెక్కన చూస్తే సముద్రానికి పాతిక కిలోమీటర్ల లోపలున్న నెల్లూరు టౌను బండ్లకు పెద్దగా బెడద ఉండకూడదు.

అయితే నెల్లూరు తీరంలో ఉప్పు గాలిలోనే రాదు, రోడ్డు మీద కూడా వస్తుంది. బకింగ్‌హామ్ కాలువ పొడవునా ఉప్పు నీళ్లే. ఇస్కపల్లి వైపు ఉప్పు కొఠార్లు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు మండలాల్లో రొయ్యల గుంటలు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య, 2009 తర్వాత వనామీ, ఈ జిల్లా తీరాన్ని గుంటల మయం చేశాయి. గుంటల గట్ల మీద మట్టి బాటల్లో ఉప్పు నీరు ఊరుతూనే ఉంటుంది. మేత బస్తాలు మోసే ఆటోలు, రొయ్య సీడు తెచ్చే వ్యాన్లు, రైతుల కార్లు, టెక్నీషియన్ల జీపులు రోజూ ఆ బురదలోనే తిరుగుతాయి. రొయ్యల లారీ నుంచి కారే నీళ్లు తారు రోడ్డును కూడా తడుపుతాయి. ఈ తడి టైర్లకు తగిలి ఎగిరి సరిగ్గా పైపు మీద పడుతుంది. గాలిలో వచ్చే ఉప్పు దీనిముందు ఏపాటిది! బీచిలో తడి ఇసుక మీద సరదాగా బండి తోలేవాళ్లది ఇంకా తొందరపాటు పని. పావుగంట ముచ్చటకు ఏళ్ల ఆయుష్షు పోతుంది.

ఉప్పు లేని నీళ్లూ ఒక్కోసారి బండిని వదలవు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆ నీళ్లలో మునిగిన కార్లు ఎన్నో. నది నీరు మంచి నీరే అయినా, వరద తెచ్చిన ఒండ్రు మట్టి బండి అడుగున సందుల్లో ఇరుక్కుని నెలల తరబడి చెమ్మ పట్టి ఉంటుంది. ఇంజను, సీట్లు బాగు చేయించినవాళ్లలో అడుగు కడిగించినవాళ్లు తక్కువే.

మంచు దేశాల్లో ఈ బెడద వేరే దారిలో వస్తుంది. అక్కడ చలికాలంలో రోడ్ల మీద గడ్డకట్టిన మంచును కరిగించడానికి టన్నుల కొద్దీ ఉప్పు చల్లుతారు. అమెరికా కార్ల పరిశ్రమకు పుట్టినిల్లు డెట్రాయిట్. ఆ నగరం కింద సుమారు 1100 అడుగుల లోతున పెద్ద ఉప్పు గని ఉంది. అందులోంచి తవ్విన ఉప్పు రోడ్ల మీదికే పోతుంది. అక్కడి కార్ల కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్లు సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ముందు అడుగున తుప్పు చూడటం అలవాటు చేసుకున్నారు. నెల్లూరులో పెరిగినవాళ్లకు ఆ అలవాటు ఇక్కడే ఉండాల్సింది. 1999 నుంచి 2003 దాకా వచ్చిన జనరల్ మోటార్స్ పికప్పులు, ఎస్‌యూవీల్లో బ్రేకు పైపులు తుప్పు పట్టడం మీద అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఏళ్ల తరబడి విచారించి 2015 ఏప్రిల్‌లో ముగించింది. బండ్లను వెనక్కి పిలవమని కంపెనీని అడగలేదు. చలికాలంలో అడుగు భాగాన్ని మాటిమాటికీ కడగమని, పైపులు పెచ్చులూడేలా తుప్పు పడితే అతుకులు వేయకుండా మొత్తం మార్చమని జనానికి చెప్పింది. మనకు ఆ సలహా ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. వాళ్లకు ఉప్పు కాలం కొన్ని నెలలే, ఆ నెలల్లోనూ చలికి తుప్పు నెమ్మదిగా నడుస్తుంది. మనకు ఏడాదంతా వేడి, తేమ, ఉప్పు కలిసే ఉంటాయి.

ఇంతకీ పైపు ఎక్కడ చిల్లు పడుతుంది? రాళ్లు తగిలే చోటో, పూత గీసుకున్న చోటో అనుకుంటాం. నెల్లూరు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లిఫ్ట్ మీద లేపిన కారు కింద నిలబడి చూశాను. పైపు పొడవునా నల్లటి పూత, పైన ఎర్రమట్టి, అంతే. మెకానిక్ స్క్రూడ్రైవరుతో మూడు పైపులను కలిపి పట్టుకున్న ప్లాస్టిక్ క్లిప్పును ఊడదీశాడు. లోపల నానిన ఇసుక, దాని కింద పూత బుడగలెక్కి లేచిపోయి ఉంది. గోరుతో గీకితే పొరలు పొరలుగా ఊడి, కింద చిన్న చిన్న గుంటలు బయటపడ్డాయి. "పైన బాగనే ఉంటాది సార్. క్లిప్పు కింద చూస్తే జల్లెడ" అన్నాడు.

దీనికి కారణం విజ్ఞానశాస్త్రంలో బాగా తెలిసిందే. క్లిప్పుకూ పైపుకూ మధ్య సన్నటి సందులో చెమ్మ చేరుతుంది. ఆ చెమ్మలోని ఆక్సిజన్ కొద్దిసేపట్లో అయిపోతుంది, సందు ఇరుకు కాబట్టి కొత్తది లోపలికి రాదు. బయట పైపు మీద ఆక్సిజన్ పుష్కలం. దాంతో బయటి భాగం ఎలక్ట్రాన్లు అందుకునే చోటవుతుంది, సందులోని ఇనుము కరిగే చోటవుతుంది. కరిగిన ఇనుము నీటితో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. అక్కడ పోగైన ధనావేశాన్ని సమం చేయడానికి క్లోరైడు ఇంకా ఇంకా సందులోకి లాగబడుతుంది. కొన్ని వారాల్లో సందు లోపలి చెమ్మ, బయటి సముద్రపు నీటి కంటే పదునైన ద్రవంగా మారుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పూతను పైకి లేపి, తన సందును తానే పెద్దది చేసుకుంటుంది. గాలి తగిలే చోట మైక్రాన్ల లెక్కన నడిచే పని, ఇక్కడ గుంటలుగా మారి ఎన్నో రెట్లు లోతుకు దిగుతుంది. ఐఎస్ఓ అంకెలు చూసి ఇంకా చాలా ఏళ్లుందిలే అని ధీమా పడకూడదు. అవి సగటు మందానివి. చిల్లు పడేది సగటున కాదు, ఒక్క గుంట దగ్గర.

3 బార్ ఒత్తిడి దగ్గర అర మిల్లీమీటరు చిల్లు పడితే, లెక్క వేసి చూస్తే, గంటకు పది లీటర్లకు పైగానే పెట్రోలు చిమ్ముతుంది. ఇంజను ఆపితే ఒత్తిడి పడిపోయి చిమ్మడం తగ్గిపోతుంది. అందుకే రాత్రంతా నిలబెట్టిన బండి కింద చుక్క కూడా కనిపించకపోవచ్చు. నడుస్తున్నప్పుడే వాసన, మైలేజీ తగ్గడం. పాత డీజిల్ బండ్లలో ఇంజను దగ్గరి పంపే ట్యాంకు నుంచి డీజిలును పీల్చుకుంటుంది. అక్కడ చిల్లు పడితే డీజిలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పొద్దున్నే స్టార్టు కాకపోవడం, చేతి పంపు కొడితే గాని కదలకపోవడం దాని గుర్తులు. బ్యాటరీనీ సెల్ఫునూ అనుమానించే ముందు పైపు చూడాలి.

పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా నిప్పు అందుకుంటుంది. గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి నేల మీద పాకుతుంది. గాలిలో ఒకటిన్నర శాతం కలిసినా అంటుకుంటుంది. లీకైన బండిని ఇంటి వరండా పక్కన, గ్యాసు పొయ్యి దగ్గర్లో నిలబెట్టకూడదు. అలాగే మెకానిక్ దాకా తోలుకుపోకూడదు, టోయింగ్ బండిని పిలవాలి. ఈ మాట మీద నేను ఏ రాజీకీ ఒప్పుకోను. పైపు నుంచి చిమ్మే పెట్రోలుకు కొద్ది దూరంలోనే వందల డిగ్రీల వేడిలో సైలెన్సరు, క్యాటలిటిక్ కన్వర్టరు ఉంటాయి.

రిపేరు దగ్గరికొస్తే మన దగ్గర ఎక్కువగా జరిగేది అతుకు. చిల్లు మీద ఎం-సీల్ పూయడం, లేదా ఆ ముక్క కోసేసి రబ్బరు పైపు తొడిగి రెండు హోస్ క్లిప్పులు బిగించడం. ఎం-సీల్ నీటి కుళాయికి పనికొస్తుంది. తుప్పు పట్టిన, పెట్రోలు చెమ్మ ఉన్న లోహాన్ని ఏ ముద్దా నమ్మకంగా పట్టుకోదు. రబ్బరు పైపుతో రెండు చిక్కులు. నున్నగా కోసిన ఉక్కు పైపు మీద తొడిగిన రబ్బరు 3 బార్ ఒత్తిడికి జారిపోగలదు. పైపు చివర చిన్న గట్టు వచ్చేలా సాధనంతో ఉబ్బించాకే తొడగాలి. రెండోది రబ్బరు రకం. పైపు మీద అచ్చేసి ఉండే ఎస్ఏఈ జె30 ఆర్7 అన్నది తక్కువ ఒత్తిడి బండ్లకు, ఆర్9 ఇంజెక్షన్ బండ్లకు. ఆర్9 లోపలి పొర ఫ్లోరిన్ ఉన్న రబ్బరు. ధర ఎక్కువ, కానీ ఇప్పుడు అదే కావాలి. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది, 2025 నాటికి దేశమంతటా అదే దొరుకుతోంది. ఇథనాల్ పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది, తర్వాత పగుళ్లు తెప్పిస్తుంది. 2023 ఏప్రిల్‌కు ముందు కొన్న బండైతే రబ్బరు ముక్కలన్నీ ఒకసారి చూపించుకోవాలి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యూబు, కంప్రెసరు గాలి పైపు ఈ పనికి అసలు వద్దు.

రాగి పైపు వంచడం తేలిక, తుప్పు పట్టదని కొందరు వేస్తారు. బండి అదురుకు రాగి గట్టిపడి పగులుతుంది, పైగా ఇంధనం జిగురుగా మారడాన్ని వేగం చేస్తుంది. సరైన దారి, కంపెనీ పైపునే ట్యాంకు నుంచి ఇంజను దాకా మొత్తం మార్చడం. ఒక క్లిప్పు కింద చిల్లు పడిందంటే, అదే వయసు, అదే ఉప్పు, అదే ఇరుకు ఉన్న మిగతా క్లిప్పుల కింద కూడా అదే కథ నడుస్తుంటుంది. ఒకచోట అతుకు వేస్తే ఇంకొన్ని నెలలకు ఇంకోచోట కారుతుంది.

మంచి మెకానిక్ పని మొదలుపెట్టే పద్ధతి చూస్తేనే తెలుస్తుంది. ముందు పంపు ఫ్యూజు పీకి, ఇంజను దానంతటదే ఆగిపోయేదాకా నడిపిస్తాడు, పైపులోని ఒత్తిడి పోవడానికి. బ్యాటరీ మైనస్ తీగ తీసేస్తాడు. సైలెన్సరు చల్లారేదాకా ఆగుతాడు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరడు, స్టాండ్లు పెడతాడు. పక్కన వెల్డింగ్ జరుగుతుంటే ఆపమంటాడు. కొత్త పైపు వేశాక వెంటనే స్టార్టు చేయడు. తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆపుతాడు. ఒక్కోసారికి పంపు కాసేపు తిరిగి ఒత్తిడి నింపుతుంది. అప్పుడు ప్రతి అతుకునూ పొడి కాగితంతో తుడిచి చూస్తాడు.

అదే క్లిప్పులో పెట్రోలు పైపు పక్కన బ్రేకు పైపు కూడా ఉంటుందన్నది చాలామందికి తెలియదు. అదీ ఉక్కే, దాదాపు అంతే మందం. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు అందులో ఒత్తిడి 100 బార్ దాటగలదు. పెట్రోలు పైపు పోయేముందు వాసనతో చెబుతుంది. బ్రేకు పైపు చెప్పదు. రొయ్యల లోడుతో ఎదురొచ్చే లారీ ముందు పెడల్ అడుగుకు పోయినప్పుడే తెలుస్తుంది. కాబట్టి పెట్రోలు పైపు మార్చే రోజున క్లిప్పులన్నీ ఊడదీయించి బ్రేకు పైపును కూడా గీకి చూడమనండి. ఈ మాట అడగకపోతే చాలా షెడ్లలో చూడరు.

ఇక ముందుజాగ్రత్తకు పెద్ద ఖర్చేమీ లేదు. గుంటల మీదికి వెళ్లొచ్చే బండిని వారానికోసారి, తీరం ఊళ్లలో మామూలుగా తిరిగే బండిని నెలకోసారి ర్యాంపు ఎక్కించి అడుగున నీళ్లు కొట్టించాలి. అక్టోబరు వానలకు ముందోసారి, డిసెంబరు తర్వాత ఇంకోసారి క్లిప్పులు తీసి, మట్టి కడిగి, ఆరాక మైనపు రకం రస్ట్ స్ప్రే కొట్టించుకుంటే ఇంకా మంచిది. వాడేసిన ఇంజను ఆయిలు పూయించడం పాత అలవాటు. అది రబ్బరు బుష్‌లను, పైపులను చెడగొడుతుంది, కారి నేలను, గుంట నీళ్లను పాడు చేస్తుంది.

నీళ్లు ఎక్కడివో కూడా అడగాలి. తీరంలో చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటర్ సర్వీసింగ్ షెడ్లు నడిచేది ఆ బోర్ల మీదే. ఆ నీటితో ఒత్తిడి పెట్టి కడిగిస్తే, రోడ్డు మీద ఎగిరిపడినా చేరని సందుల్లోకి కూడా ఉప్పును మనమే డబ్బిచ్చి కొట్టించినట్టు. నాలుక మీద ఒక చుక్క వేసుకున్నా తెలిసిపోతుంది. ఉప్పగా తగిలితే బండిని వెనక్కి తిప్పుకుని, పెన్న కాలువ నీళ్లు వచ్చే వైపు షెడ్డుకు తీసుకెళ్లండి.